సముద్రాన్ని ఇంటికి తెచ్చిన ఇల్లాలు

మన మెళ్లో సూత్రాల పక్కన నల్లపూసలతోపాటు పగడాలు కూడా ఉంటాయి. పెళ్లినాడు పెద్దవాళ్లు గుచ్చి ఇస్తారు, మనం వేసుకుంటాం. ముత్యం ఆల్చిప్పలోంచి వస్తుందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. పగడం ఎక్కణ్నుంచి వస్తుందని అడిగి చూడండి, చాలామంది అది రాయి అనేస్తారు. రాయి కాదు. సముద్రం అడుగున ఒకేచోట అతుక్కుని బతికే బుల్లి బుల్లి ప్రాణులు కట్టుకున్న ఇల్లు అది. చూస్తే చెట్టులా ఉంటుంది, తాకితే రాయిలా తగులుతుంది. కానీ నోరూ కడుపూ ఉన్న జంతువు.

ఆ జంతువుకి కాళ్లు లేవు. తిండి దగ్గరికి తను వెళ్లలేదు, తిండే తన దగ్గరికి రావాలి. మీద పడిన మురికిని దులుపుకోలేదు, నీళ్లే కడిగిపోవాలి. ఊపిరి కూడా నీళ్లు తెచ్చి ఇవ్వాల్సిందే. కెరటం ఆగిపోతే పగడం పని అయిపోయినట్టే.

అలాంటి ప్రాణిని సముద్రానికి ఎంతో దూరంగా, లండన్ నగరం నడిబొడ్డున, ఒక ఇంట్లో గాజు పాత్రల్లో మూడేళ్లకు పైగా బతికించిన ఇల్లాలు ఒకావిడ ఉంది. ఆవిడ పేరు అన్నా థిన్. ఇది 1846 నాటి మాట. అప్పటికి ఇళ్లలో కరెంటు మోటారు లేదు, తొట్టికి గాలి పంపు లేదు, అక్వేరియం అనే మాట కూడా వాడుకలో లేదు. ఇవాళ సరదాపడి ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టుకునేవాళ్లు పంపులు, పైపులు బిగించి నీళ్లను తిప్పుతున్నారే, ఆ పని మొదట చేసింది ఆవిడ ఇంట్లోనే.

నేను నెల్లూరు మనిషిని. మా తీరంలో పగడాల దిబ్బలు లేవు. పెన్నా నది తెచ్చి పోసే మంచినీళ్లూ, ఒండ్రూ వాటికి పడవు. దిబ్బలు చూడాలంటే మన్నారు సింధుశాఖకో, లక్షదీవులకో, అండమానుకో వెళ్లాలి. కానీ సముద్రపు నీళ్లు తొట్లలో పట్టి ప్రాణం నిలబెట్టే విద్య మాత్రం మా వాళ్లకు బాగా తెలుసు. తీరం వెంబడి పోతే రొయ్యపిల్లల హేచరీలు కనిపిస్తాయి. ఏ హేచరీలో అడుగు పెట్టినా ముందు వినిపించేది బుడగల చప్పుడు. అది రాత్రీ పగలూ ఆగకూడదు. ఎందుకు ఆగకూడదో అన్నా కథ చెబుతుంది.

అబ్బే నీడలో కాపురం

అన్నా 1806లో పుట్టింది. పుట్టింటివాళ్లు బెరెస్‌ఫోర్డులు. తండ్రి చర్చి గురువు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో, 1824లో, లార్డ్ జాన్ థిన్‌తో పెళ్లయింది. ఆయన గొప్ప జమీందారీ వంశంలో పుట్టి చర్చి ఉద్యోగంలో చేరినవాడు. ఇంగ్లండు రాజులకు పట్టాభిషేకం జరిగే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సబ్‌డీన్ అయ్యాడు. డీన్ తర్వాత అంతటి పదవి అన్నమాట. కాపురం అబ్బే ఆవరణలోనే, ఆష్‌బర్నమ్ హౌస్ అనే పాత భవనంలో. ఆ భవనం ఇప్పుడు వెస్ట్‌మినిస్టర్ స్కూలులో భాగంగా ఉంది.

పెద్ద ఇల్లు, ఇంటినిండా పిల్లలు, వచ్చేపోయే పెద్దమనుషులు. ఇంత సంసారంలో కూడా ఆవిడకు రాళ్ల మీద, శిలాజాల మీద ఆసక్తి ఉండేది. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆడవాళ్లకు యూనివర్సిటీ చదువు లేదు. పేరున్న శాస్త్ర సంఘాల్లో చాలావాటిలో సభ్యత్వమూ లేదు. రాయల్ సొసైటీ ఆడవాళ్లను సభ్యులుగా తీసుకుంది 1945లో అంటే చూడండి. అందుకని చదువుకోవాలన్న కోరిక ఉన్న ఇల్లాలు ఇంట్లోనే, ఇంటిపనుల మధ్యనే చదువుకోవాలి.

పొరుగు కూడా అలాంటిదే దొరికింది. 1845లో వెస్ట్‌మినిస్టర్‌కి డీన్‌గా వచ్చిన విలియం బక్లాండ్ పేరుమోసిన భూగర్భ శాస్త్రవేత్త. మెగలోసారస్ అనే రాకాసిబల్లికి 1824లో పేరుపెట్టి వర్ణించింది ఆయనే. ఆయన భార్య మేరీ శిలాజాల బొమ్మలు వేయడంలో, విరిగినవాటిని అతికించడంలో దిట్ట. అబ్బే అంటే ప్రార్థనలే అనుకుంటాం కానీ, ఆ గోడల మధ్య రాళ్లూ ఎముకలూ చూసి ముచ్చటపడే మనుషులు కూడా ఉన్నారు.

సూదీ దారంతో కట్టిన ప్రాణాలు

1846లో అన్నా ఇంగ్లండు నైరుతి తీరాన ఉన్న టోర్కీ అనే ఊరికి వెళ్లింది. అక్కడి రాళ్ల సందుల్లో బతికున్న పగడాలను చూసింది. మ్యాడ్రిపోర్లు అనేవాళ్లు వాటిని. దిబ్బలు కట్టే రకం కాదు. ఒక్కొక్కటీ విడిగా చిన్న కప్పు ఆకారంలో ఉండి, పైన మెత్తటి తీగలు విప్పుకుని తిండి అందుకునే రకం. అంతకుముందు రాతిలో గడ్డకట్టిన పగడాలు చూసిన మనిషికి, అవే కళ్ల ముందు కదులుతుంటే ఎలా ఉంటుంది? లండన్‌కి తీసుకుపోవాలని నిర్ణయించుకుంది.

తీసుకుపోవడం ఎలా? కూజాలో నీళ్లు పోసి వేస్తే దారిలో కుదుపులకు ఒకదానికొకటి కొట్టుకుని చస్తాయి. ఇక్కడే ఇల్లాలి తెలివి పనిచేసింది. పెద్ద స్పంజి ఒకటి తీసుకుని, పగడాలను సూదీ దారంతో దానికి కుట్టేసింది. పూలు దండ గుచ్చినంత జాగ్రత్తగా. ఆ స్పంజిని సముద్రపు నీళ్లు నింపిన రాతి కూజాలో పెట్టి లండన్ చేర్చింది. ఇంటికొచ్చాక గాజు పాత్రల్లోకి మార్చింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. గాజు పాత్రలో నీళ్లు కొద్దిరోజులకే పాడవుతాయి. ప్రాణి పీల్చుకునే గాలి అయిపోతుంది, అది విడిచిన మలినం మిగిలిపోతుంది. కొత్త నీళ్లు కావాలంటే తీరం నుంచి తెప్పించాలి. అది ఖర్చు, ఆలస్యం. ఉన్నదేమో కొద్దిపాటి నీళ్లు.

అన్నాకంటే ముందు ఈ దారిలో నడిచినావిడ ఇంకొకావిడ ఉంది. ఫ్రాన్సులో పుట్టిన జాన్ విల్‌ప్రూ పవర్. బట్టలు కుట్టి బతికిన ఆ అమ్మాయి తర్వాత సిసిలీ ద్వీపంలో కాపురముండి, 1832లో గాజు తొట్లు చేయించి సముద్ర జీవుల్ని గమనించింది. కానీ ఆవిడ ఉన్న మెస్సీనా సముద్రం ఒడ్డునే. నీళ్లకు కొదవ లేదు. అన్నాకి ఆ వసతి లేదు. ఉన్న నీళ్లనే మళ్లీ మళ్లీ వాడుకోవాలి.

కిటికీ దగ్గర ముప్పావుగంట

ఆవిడ చేసిన ఉపాయం వింటే ఇంతేనా అనిపిస్తుంది. వాడిన నీళ్లను తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మళ్లీ దాంట్లోంచి దీంట్లోకి, పైనుంచి ధారగా పోయించింది. మనం వేడి పాలు చల్లార్చుకునేటప్పుడు రెండు గ్లాసులతో తిరగపోస్తామే, అచ్చం అలాగే. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. నీళ్లు మళ్లీ వాడుకునే ముందు ప్రతిసారీ అరగంట నుంచి ముప్పావుగంట సేపు.

ధారగా పడే నీటికి గాలి తగులుతుంది. గాలిలోని ఆక్సిజన్ నీటిలో కలుస్తుంది. కదలని నీళ్లకు పైపొర మాత్రమే గాలికి తగులుతుంది, అడుగు నీళ్లకు ఆ గాలి అందదు. కదిలిస్తే అడుగుది పైకొస్తుంది, పైది అడుగుకి పోతుంది. సముద్రంలో ఈ పని కెరటం చేస్తుంది. అన్నా ఇంట్లో చేసింది ఎవరనుకున్నారు? ఆవిడ కాదు. ఇంట్లో పనిచేసే చిన్నమ్మాయి.

ఆ పని ఎంత కష్టమో నాకు కొంచెం తెలుసు. కొన్నేళ్ల కిందట తెలిసినవాళ్లతో ఒక హేచరీ చూడబోయాను. మేమున్నప్పుడే కరెంటు పోయింది. జనరేటరు ఎంతకీ స్టార్టు కాలేదు. బుడగల చప్పుడు టక్కున ఆగేసరికి అక్కడ పనిచేసే ఆడవాళ్ల మొహాలు మారిపోయాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. తలా ఒక ప్లాస్టిక్ మగ్గు అందుకుని తల్లిరొయ్యల తొట్లలో నీళ్లు ముంచడం, ఎత్తి మళ్లీ అదే తొట్లో పోయడం మొదలుపెట్టారు. నేనూ ఒక మగ్గు తీసుకున్నాను. పావుగంటకే భుజం లాగేసింది. వాళ్లు మాత్రం జనరేటరు మోగేదాకా ఆపలేదు. పైగా మన ఎండకు తొట్టి నీళ్లు వేడిగా ఉంటాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. చలిదేశంలో కాసేపు ఆగినా నడుస్తుందేమో గానీ, మా తీరంలో ఆగితే కుదరదు.

లండన్‌లో ఆ అమ్మాయి చేసింది ఇదే పని. విసుక్కోకుండా, ఆటలాగే చేసిందని అన్నా రాసిపెట్టింది. అమ్మగారి మాట అది. ఆ అమ్మాయి ఏమనుకుందో రాసినవాళ్లు లేరు.

మొక్క తోడు దొరికింది

1847 వసంతంలో అన్నా ఇంకో అడుగు వేసింది. సముద్రపు నాచు పట్టిన రాళ్లు, చిప్పలు టోర్కీ నుంచి తెప్పించి పాత్రల్లో వేసింది. వెలుతురులో నాచు ఆక్సిజన్ విడుస్తుంది, ప్రాణులు దాన్ని పీల్చుకుంటాయి. గాజు పెట్టెల్లో మూసిపెట్టి ఫెర్న్ మొక్కల్ని పెంచే పద్ధతి అప్పటికే లండన్‌లో వార్డ్ అనే డాక్టరు కనిపెట్టాడు. గాజు మీద పన్ను కూడా 1845లో ఎత్తేశారు. కానీ సముద్రపు ప్రాణినీ సముద్రపు మొక్కనూ ఒకే పాత్రలో జతచేసి ఏళ్ల తరబడి నిలబెట్టిన మొదటి మనిషి అన్నాయే. నాచు వేశాక కూడా ఆవిడ చేత్తో నీళ్లు పోయించడం వెంటనే మానలేదు. తెలివైన పని. పొద్దుగూకాక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తనూ పీలుస్తుంది. రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామునే ప్రమాదం ఎక్కువని మా రైతులు ఏరేటర్లు తిప్పేది అందుకే.

పాత్రల్లో పగడాలు బతకడమే కాదు, పెరిగాయి. సంతానం కూడా కలిగింది. అన్నా రోజూ చూసి, ఏ పగడం ఎలా వృద్ధి అవుతోందో రాసుకుంది.

ఇదంతా ఏ లండన్‌లో? 1848, 1849 సంవత్సరాల్లో కలరా వేలమందిని తీసుకుపోయిన లండన్‌లో. ఊరి మురికి థేమ్స్ నదిలోకి, నది నీళ్లు జనం గొంతులోకి పోయిన రోజులవి. అలాంటి ఊళ్లో, నదికి నాలుగడుగుల దూరంలో, రెండు పాత్రల సముద్రపు నీళ్లు చెడకుండా నిలిచాయి.

పేరు ఎవరికి దక్కింది?

1850లలో ఇంగ్లండు అంతా అక్వేరియం పిచ్చి పట్టింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో జనం చూడటానికి చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త అక్వేరియం మీద పుస్తకం వేశాడు. ఆ మాట ఇంటింటా వాడుకలోకి వచ్చింది ఆ పుస్తకంతోనే. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త కూడా మొక్కలూ ప్రాణుల సమతూకం గురించి రాశాడు. పేరు వాళ్లకే వచ్చింది.

అన్నా తను రాసుకున్న నోట్సు అచ్చుకి ఇవ్వడానికి చాలా ఏళ్లు పట్టింది. పగడాల వృద్ధి మీద ఆవిడ వ్యాసం 1859లో ఒక శాస్త్ర పత్రికలో వచ్చింది. అది కూడా గాస్ వ్యాఖ్యలతో కలిపి. పగడాలను తెచ్చిన పదమూడేళ్లకి! ఆ తర్వాత ఏడేళ్లకే, 1866లో, అరవై ఏళ్ల వయసులో ఆవిడ పోయింది. చాలాకాలం ఎవరికీ గుర్తులేదు. 2003లో రెబెకా స్టాట్ అనే రచయిత్రి ఆవిడ మీద పుస్తకం రాశాక మళ్లీ నలుగురి నోళ్లలో నానింది.

చేతుల పని మోటారుకి

చేత్తో పోసే పనిని యంత్రానికి అప్పగించినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామాన్ల దుకాణం పెట్టి, తర్వాత పెద్ద పెద్ద అక్వేరియంలు కట్టిన మనిషి. 1864లో హాంబర్గులో, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన పద్ధతి పెట్టారు. చేపల తొట్ల కింద చీకట్లో వాటికన్నా ఎన్నో రెట్లు పెద్ద నీళ్ల తొట్టి. ఆవిరి యంత్రం నీళ్లను పైకి తోడుతుంది, అవి తొట్లలో తిరిగి కిందికి వస్తాయి, మళ్లీ పైకి పోతాయి. సముద్రం నుంచి రోజూ కొత్త నీళ్లు తేవక్కర్లేదు. ఉప్పునీళ్లకు లోహం చిలుము పడుతుంది కనుక పంపుల్ని గట్టి రబ్బరుతో చేయించాడు. మన పక్కన మద్రాసులో 1909లో మెరీనా ఒడ్డున అక్వేరియం వెలిసింది. రెండో ప్రపంచయుద్ధంతో అది మూతపడింది.

ఇవాళ పగడాల తొట్టికి వాడే క్లోజ్డ్ లూప్ పద్ధతి ఇంకా సులువు. తొట్టి గాజుకి ముందే కన్నాలు వేసి, రబ్బరు వాషర్లతో పైపులు బిగిస్తారు. తొట్లో నీళ్లు ఒక పైపు ద్వారా బయట ఉన్న పంపులోకి వచ్చి, నాలుగైదు గొట్టాల ద్వారా మళ్లీ అదే తొట్లోకి పోతాయి. మన ఇంట్లో సంపు నుంచి మేడ మీద ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు ఎత్తుతో పోరాడాలి. ఇక్కడ నీళ్లు బయల్దేరినచోటికే తిరిగి వస్తాయి కనుక ఎత్తే బరువు లేదు. పైపులోని ఒరిపిడి ఒక్కటే. అందుకే అదే పంపు ఇక్కడ ఎక్కువ నీళ్లు తిప్పుతుంది. సాధారణంగా గంటకి తొట్టి నీళ్లకు ఇరవై రెట్లకు తగ్గకుండా తిప్పుతారు. నాలుగువందల లీటర్ల తొట్టి అయితే గంటకి ఎనిమిదివేల లీటర్లు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. ఒకే గొట్టంలోంచి జోరుగా కొడితే పగడం ఒళ్లు చీరుకుపోతుంది. గొట్టాలు వేర్వేరు దిక్కులకు తిప్పి, ధారలు ఒకదానికొకటి ఎదురుపడేలా పెట్టాలి. అప్పుడే అసలు కెరటంలా ఉంటుంది. నీళ్లు లాగే పైపు మూతికి జల్లెడ ఉండాలి, లేకపోతే చిన్న చేపలు అందులోకి పోతాయి. ఇత్తడి, రాగి తగలకూడదు, అవి పగడాలకు విషం. కన్నాలు నీటిమట్టానికి కింద ఉంటాయి కనుక పైపు ఊడితే తొట్టి ఖాళీ అవుతుంది, వాల్వులు తప్పనిసరి. ఆవిరైన నీళ్లకు బదులు ఉప్పు కలపని మంచినీళ్లే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కదా. ఇంకో మాట, ఈ పద్ధతి నీళ్లను కదుపుతుందే గానీ శుభ్రం చేయదు. ఆ ఏర్పాటు వేరే ఉండాలి.

అన్నాలా సముద్రంలోంచి పగడాలు తెచ్చుకుందాం అనుకోకండి. 2001 నుంచి మనదేశంలో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. తెంపినా, అమ్మినా నేరం. సరదాగా ఉప్పునీటి తొట్టి కావాలంటే చేపలతో సరిపెట్టుకోవచ్చు.

మా తీరానికి మాత్రం ఈ కథ సరదా కాదు. 1990లలో రొయ్యల చెరువులు విపరీతంగా పెరిగి, వాటి ఉప్పునీళ్లు పక్క పొలాల్లోకి, ఊరి బావుల్లోకి దిగాయి. కొన్ని పల్లెల్లో బిందెడు మంచినీళ్ల కోసం ఆడవాళ్లు మైళ్లు నడిచారు. తీరప్రాంత చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. తీర చెరువుల నియంత్రణకు 2005లో చట్టం వచ్చింది. వాడిన నీళ్లను బయటికి వదలకుండా, శుభ్రం చేసి మళ్లీ తిప్పుకునే పద్ధతి ఎంత పెరిగితే మా బావులకు అంత మంచిది. ఉన్న నీళ్లతోనే గడుపుకోవాలని ఒక ఇల్లాలు పడ్డ తాపత్రయం ఇప్పుడు మా ఊళ్ల అవసరం.

1859 నాటి వ్యాసంలో అన్నా పేరుంది, గాస్ పేరుంది. కిటికీ దగ్గర నిలబడి నీళ్లు పోసిన అమ్మాయి కూడా ఉంది, పేరు మాత్రం లేదు. ఇప్పుడు కరెంటు పంపు చేస్తున్నది ఆ అమ్మాయి పనే. హేచరీలో కరెంటు పోయినప్పుడు మగ్గులు అందుకున్న ఆడవాళ్ల పేర్లు ఆ రోజు నేను అడిగి రాసుకున్నాను.